కారు ఆగితేనే కదా లాభం

మోటారు కారు నడవకూడదు. ఇది అభిప్రాయం కాదు, అనుభవం. రంగూన్ నుంచి టాంగూ దాకా, అక్కణ్ణుంచి మళ్ళీ రంగూన్ దాకా జరిగిన కార్ల పోటీలో పాల్గొని వచ్చినవాణ్ణి నేను. కారెక్కి వెళ్ళానని మాత్రం అనలేను.

నడిచే కారు మనిషికి ఏం నేర్పుతుంది? దుమ్ము మింగడం నేర్పుతుంది. ఆగే కారు అలా కాదు! ఆగిన చోట ఒక ఊరుంటుంది. ఊరివాళ్ళు చుట్టూ చేరతారు. మంచినీళ్ళిస్తారు, పిల్లల్ని పిలిచి మనల్ని చూపిస్తారు. మాకంటే ముందు వెళ్ళిన దొరలు పెగూ జిల్లా చూశామంటున్నారు. వాళ్ళు చూసింది మైలురాళ్ళు. నేను ఆ జిల్లాలో ప్రతి వంతెన నీడనా కూర్చున్నాను. ఇంకొక్క పోటీలో పాల్గొంటే బర్మా భాష వచ్చేస్తుంది!

పోటీ పెట్టింది ఒక మోటారు క్లబ్బు. మూడు రోజులు రోడ్డు మీద, నాలుగో రోజు గుర్రప్పందాల మైదానంలో చుట్లు. సరదాకి కారు నడిపేవాళ్ళే రావాలి, జీతానికి నడిపేవాళ్ళు రాకూడదు. ఇంకొక నిబంధన కూడా ఉంది. కారెక్కి బయలుదేరినవాళ్ళు తప్ప మరొకరు దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

ఈ నిబంధన చదివి దొరలు స్పానర్లు సర్దుకున్నారు. మా ధర్మారావు మనుషుల్ని సర్దుకున్నాడు. ఆయన సేక్కాన్ రేవులో బియ్యం ఓడలకు కూలీలను పెట్టే మేస్త్రీ. ఏ బరువు చూసినా దానికి ఎంతమంది కావాలన్నదే ఆయనకు తట్టే లెక్క. సెకండ్‌హాండ్‌లో కొన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ముగ్గురు చాల్తారు," అన్నాడు. తన కూలీల్లో దండాసి, బుల్లియ్య, సన్యాసి అనే ముగ్గురికి కోట్లు తొడిగి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. నన్ను ముందు కూర్చోబెట్టుకున్నాడు. నాలాంటి పత్రికా విలేకరి కారులో ఉంటే, కారు ఆగినా పత్రికలో ఆగదని ఆయన నమ్మకం.

దండాసి కుడి భుజం కీలు కిందటేడు ఓడ నిచ్చెన మీద జారినప్పుడు తప్పింది. బస్తా ఎత్తితే రాత్రి నిద్ర పట్టదు. అతనితో ధర్మారావు అందరి ముందూ అన్నాడు. "కారు ఆఖరి గీత దాటిందంటే నిన్ను దీనికి క్లీనర్ని చేస్తానురా. మరి బస్తా ముట్టక్కర్లేదు."

దాంతో ఆ కారులో గెలుపు కావలసినవాడు దండాసి ఒక్కడే అయ్యాడు. ధర్మారావుకు కావలసింది ఫొటో. నాకు కావలసింది భోజనం.

లెగూ అనే ఊరు దాటగానే ఇంజను ఆగింది. ఎడ్లబండి మీద వస్తున్న బర్మా రైతు మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండానే ఎడ్లను విప్పి తీసుకొచ్చాడు. ధర్మారావు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దు, వద్దు! రూలు ఒప్పుకోదు!"

"మమ్మల్ని తోలితే లేని తప్పు, ఎడ్లని తోలితే ఏటండి బాబూ?" అన్నాడు దండాసి.

"ఎడ్లు మనతో కారెక్కాయేట్రా? మీరు పాసింజర్లు!"

"ఇన్నావేట్రా సన్నాసీ," అన్నాడు బుల్లియ్య. "మనం పాసింజర్లమట. టిక్కెట్టు అడక్కముందే తోసీ."

తోశారు. నేనూ తోశాను. తోశానంటే, చెయ్యి ఆనించాను.

"బాబుగోరూ, ఆ చెయ్యి తీసీండి," అన్నాడు సన్యాసి. "మీరు ఆనుకుంటే మాకు ఇంకో బరువు."

ఇలా టాంగూ చూశాం, వెనక్కి వచ్చాం. పల్లంలో కారు నడిచింది. మెట్టలో వాళ్ళు నడిచారు. ఏ మజిలీ దగ్గరికి వచ్చినా ముగ్గురూ ఎక్కి కోటు బొత్తాలు పెట్టుకుని కూర్చునేవారు. అక్కడి క్లబ్బు దొర టోపీ ఎత్తి పలకరించేవాడు. కూలీకి దొర టోపీ ఎత్తడం రంగూన్‌లో మీరెప్పుడైనా చూశారా? ఆగే కారు ఆ పని కూడా చేసింది!

నాలుగో రోజు మైదానం గేటు దగ్గర ఇంకో నిబంధన బయటపడింది. లోపలికి కారుతో ఇద్దరే వెళ్ళాలి. ముగ్గురు పాసింజర్లూ కంచె బయట ఉండిపోయారు.

ఆఖరి చుట్టులో, దొరసానులు కూర్చున్న గ్యాలరీకి సరిగ్గా ఎదురుగా, ఇంజను ఆగింది. ధర్మారావు అలవాటు చొప్పున "తొయ్యండ్రా" అని కేకేశాడు. వెనక సీటు చూశాడు. తరవాత నన్ను చూశాడు.

దిగాం. ఆయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని పక్కనుంచి తోశాడు. నేను వెనకనుంచి తోశాను. ఈసారి చెయ్యి ఆనించడం కుదరలేదు. కారు అంత బరువుంటుందని ఇంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

"మేస్త్రీగోరూ!" కంచె అవతలినుంచి బుల్లియ్య అరిచాడు. "పేపరు బాబుని రోజుకెంతకి కుదుర్చుకున్నారేటి?"

కంచె పొడుగునా నవ్వులు. దండాసి నవ్వలేదు. కంచె పట్టుకుని మా వెంటే పరిగెత్తుతున్నాడు.

"ఆగకండి బాబూ! మీకు దండం పెడతాను, ఆగకండి! నా కొలువు ఆ గీత కాడుంది!"

రెండుసార్లు పడ్డాను. గీత దాటాం. మా వెనక ఎవరూ లేరు. గ్యాలరీలో చప్పట్లు కొట్టారు. అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు కాబోలు. ధర్మారావు గీత మీదే కూలబడ్డాడు. ఫొటోకి లేవమంటే లేవలేదు.

కాబట్టి చదువరులారా, కారు కొంటే ఆగేదే కొనండి. దానివల్ల ఆకలి పుడుతుంది, స్నేహాలు పెరుగుతాయి, నౌకర్లకు పదోన్నతి కూడా వస్తుంది. ధర్మారావు మాట తప్పే మనిషి కాదు. మర్నాడే దండాసిని క్లీనర్ని చేశాడు, ఖాకీ టోపీ కొనిచ్చాడు. ఇప్పుడు రోజూ పొద్దున్న ఇంటినుంచి రేవుకి, సాయంత్రం రేవునుంచి ఇంటికి కారు తోయడం దండాసి కొలువు. బస్తా ముట్టక్కర్లేదు.

నిన్న అడిగాను. "ఏం దండాసీ, కొత్త కొలువు ఎలా ఉంది?"

"బస్తా అయితే గోడౌనులో దింపేవోణ్ణి బాబూ," అన్నాడు కారు తోస్తూనే. "దీన్నెక్కడ దింపను?"

దీనికి తగిన సమాధానం ఒకటి ఉండే ఉంటుంది. కారు దిగి, నిలబడి ఆలోచించి చెబుదామనుకున్నాను. ఇంతలో వెనక సీట్లో నాకు కునుకు పట్టింది. లేచేసరికి మా పత్రిక ఆఫీసు ముందున్నాం.