సాంబయ్య ఇంటికి సెల్లార్ వచ్చిన విధం

"ఈ క్షణం నుంచి మన గల్లీల ఇండ్ల రేట్లు డబుల్!" అని కౌన్సిలర్ జమున గారి భర్త మహేందర్ గారు మైకులో ప్రకటించారు. కౌన్సిలర్ గారూ సభకు వచ్చారు. భర్తగారు చూపిన చోట సంతకం పెట్టడానికి కళ్లజోడు కూడా తెచ్చుకున్నారు. సీసీ రోడ్డు శాంక్షనైంది. కొట్టిన కొబ్బరికాయ రెండు చెక్కలూ బురదలో మునిగిపోతే, రోడ్డు ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యమేముందని ఆయన సెలవిచ్చారు.

చప్పట్లు కొట్టనిది సాంబయ్య ఒక్కడే. అతను బట్ట నేసే సాంచాలు మూతపడి చాలా రోజులైంది. భార్య సత్యవ్వ చుట్టే బీడీలతోనే పొయ్యి వెలుగుతోంది. ఇల్లు అమ్మేసి ఇద్దరూ బొంబాయి దగ్గరి భీవండి పోతే అక్కడ మగ్గాల మీద పని ఉంది. దుబాయి నుంచి తిరిగొచ్చిన రుద్రంగి ఊరి దేవదాసు ఇల్లు కొంటానన్నాడు. మర్నాడు బయానా ఇస్తానని మాట కూడా అయింది.

మహేందర్ గారు నేరుగా సాంబయ్య దగ్గరికే వచ్చారు.

"ఏం కాకా, ఇల్లు అమ్ముతున్నవట?"

"అమ్మక ఏంజేద్దు మహేందరూ? పని లేదాయె."

"జర ఆగరాదే! రోడ్డు పడ్డంక గా రుద్రంగాయన నీ గడప కాడ పడిగాపులు గాస్తడు. ఇప్పుడే అగ్గువకు అమ్మితే అందరి రేటు పడిపోతది. గల్లీ ఇజ్జత్ నీ చేతుల ఉన్నది."

తన చేతుల్లో ఏదో ఒకటి ఉందని ఎవరైనా అనక చాలా కాలమైంది. సాంబయ్య దేవదాసుకు ఫోన్ చేసి రోడ్డు పడ్డాక రమ్మన్నాడు.

రోడ్డు పడింది. పాతది తవ్వడం ఎస్టిమేట్లో లేదు కాబట్టి దాని మీదే పోశారు. కాంట్రాక్టు మహేందర్ గారి బామ్మర్ది చందుది. అదే గల్లీ చివర అతను ఇల్లు కడుతున్నాడు. ముందుచూపున్న మనిషి, పునాది నిలువెత్తు లేపాడు.

సత్యవ్వ పసుపు రాసిన గడప సిమెంటులో కలిసిపోయింది.

"గడప ఎటువాయె కొడుకా?"

"ఇగ ఎక్కుడు లేదు, దిగుడు లేదు అవ్వా. నీ మోకాళ్లకు మంచిగ. దీన్ని లెవల్ అంటరు," అన్నారు మహేందర్ గారు.

రోడ్డు ఆరీ ఆరకముందే నీళ్ల పైపుల వాళ్లు వచ్చి తవ్వారు. మహేందర్ గారు ఊరుకునే నాయకుడు కాదు. కొత్త ఎస్టిమేటు, కొత్త కొబ్బరికాయ, పాత రోడ్డు మీద కొత్త రోడ్డు. ఇప్పుడు సాంబయ్య ఇంట్లోకి నిచ్చెన వేసుకొని దిగాలి. కిటికీలోంచి పోయేవాళ్ల చెప్పులు కనబడతాయి. ఎవరు పోతున్నారో సత్యవ్వ చెప్పులను చూసి చెప్పగలుగుతోంది.

ఒకరోజు కిటికీ దగ్గర మహేందర్ గారి తెల్ల బూట్లు ఆగాయి.

"ముబారక్ కాకా! నీ ఇంటికి సెల్లార్ అచ్చింది. జగిత్యాలల సెల్లార్ కావాలంటే భూమి తవ్వాలె. నీకు తవ్వకుంటనే అయింది."

"మరి ఇల్లేది?" అంది సత్యవ్వ.

"మీద కట్టుకోవాలె అవ్వా. అన్నీ నేనే జేస్తనా?"

దేవదాసు మాట ప్రకారం వచ్చాడు. రోడ్డు మీద నిలబడి సాంబయ్య ఇంటి కేసి కిందికి చూశాడు.

"సాంబన్నా, దుబాయిల గిసొంటి కింది రూములనే బతికిన. గాడ కంపెనోడు ఊకెనే ఇచ్చిండు. గీడ కొనుక్కొని దిగాల్నా?"

రోడ్డు మాత్రం మస్తుందని మెచ్చుకుంటూ గల్లీ చివరికి నడిచి, చందు ఇంటికి బయానా ఇచ్చాడు.

ఆ వారమే పెద్ద వాన కొట్టింది. జిల్లా నుంచి ఆఫీసర్లు తనిఖీకొచ్చారు. మురుగు పోయే మోరీ లేని గల్లీలో చుక్క నీరు నిలవకపోవడం చూసి ఆశ్చర్యపోయారు.

"నేచురల్ డ్రైనేజ్ సార్," అన్నారు మహేందర్ గారు వినయంగా. ఆదర్శ గల్లీ అవార్డుకు అక్కడికక్కడే ఫొటో దిగారు.

సత్యవ్వ ఇంట్లో చేరిన వాన నీళ్లతో నిండిన బకెట్ పట్టుకొని నిచ్చెనెక్కి తల బయటపెట్టింది.

"అవ్వా, సార్లు పోయేదాక ఆగు," అన్నారాయన మెల్లగా. "రోడ్డు మీద పోస్తే ఖరాబైతది."

నీళ్లు తోడి తోడి సాంబయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. అమ్ముడుపోకపోతే పోయింది. తలుపు సందుల్లో, కిటికీలో ఇసుక బస్తాలు కుక్కాడు. తాళం వేశాడు. ముసురు పట్టిన పొద్దున సత్యవ్వతో కలిసి భీవండి బస్సెక్కాడు.

బస్సు కదిలేలోపు మహేందర్ గారు తడుస్తూ బండి మీద వచ్చి కిటికీ పట్టుకున్నారు.

"కాకా, గిదేం పని! నీళ్లన్ని చందు ఇంటి ముంగట మోకాల్లోతు నిలిచినయి. దేవదాసు బయానా వాపస్ అడుగుతుండు."

"గయితే నన్నేం జెయ్యమంటవ్? పనికి పోవద్దంటవా?"

"అయ్యో, పోకుంటే ఎట్ల, బతకాలె గద!" అన్నారు మహేందర్ గారు. "తాళంచెవి ఇచ్చి పోరాదే కాకా. వానచ్చినప్పుడల్ల నేనే అచ్చి తలుపు తీస్త."