నీళ్లు పెరిగే కారు

ఆ ఉదయం పది గంటలకు పాత ఇనుము వ్యాపారి వచ్చి కారును పట్టుకుపోవాలి. ఈలోగా దాన్ని చివరిసారి ఒక్కసారి స్టార్ట్ చేసి చూసుకోవాలన్నది డ్రాయింగు మాస్టారి కోరిక. ఇరవై రెండేళ్ల కారు. తాళం తిప్పగానే వెనక నుంచి తెల్లపొగ లేచి, చలికి బరువెక్కి, షెడ్డంతా మెల్లగా పరుచుకుంది. అందులో మాస్టారికి ఒక కొండా, దాని పాదాల దగ్గర ఒక పడవా కనిపించాయి. పొగలో పడవలు చూసే మనిషితో కాపురం కత్తి మీద సాము అని ఆయన భార్య అభిప్రాయం.

"ఆపు బావా, ఆపు," అంటూ బావమరిది పరుగెత్తుకొచ్చాడు. మాస్టారు ఆపేశాడు. వారం రోజులుగా ఇదే వరస.

బావమరిదికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. వీడియోలు చూసి చూసి సగం మెకానిక్ కూడా అయ్యాడు. వారం కిందట తెల్లపొగ కనబడగానే హెడ్ గ్యాస్కెట్ పోయిందని తేల్చేశాడు. ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పల్చటి రేకు అది. అది పోతే నీళ్లు ఇంజిన్‌లోకి కారి తెల్లపొగగా పోతాయి, బాగుచెయ్యాలంటే ఇంజినంతా విప్పాలి, ఈ వయసు కారుకి ఆ వైద్యం దండగ. రుజువు కోసం ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల డబ్బా మీద ఒక గీత గీశాడు. నీళ్లు తగ్గితే తన మాట నిజమన్నాడు.

నీళ్లు తగ్గలేదు, రోజురోజుకూ పెరిగాయి.

"ఇది ఇంకా ఘోరం. లోపలి పొగ నీళ్లని డబ్బాలోకి తన్నేస్తోంది," అన్నాడు బావమరిది.

"పోనీలెండి, పీడ వదిలింది," అంది భార్య. మాస్టారికి ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో ఆయన కలలు కనడానికి మిగిలిన చోటు ఆ ముందు సీటే.

పనికొచ్చే భాగాలు విప్పడానికి మెకానిక్ తొమ్మిదిన్నరకి వచ్చాడు. "ఒకసారి స్టార్ట్ చెయ్యండి మాస్టారూ. నేను చెప్పేదాకా ఆపకండి."

బావమరిది గోడ చాటుకి వెళ్లాడు. కొండ లేచింది, పడవ కదిలింది. పది నిమిషాలకి రెండూ పలచబడి, వెలుతురులో కలిసిపోయాయి. మెకానిక్ ఇంజిన్ నూనెలో మునిగి ఉండే కొలత పుల్ల తీసి చూశాడు. నూనెలో నీళ్ల జాడ లేదు, శుభ్రంగా ఉంది.

"ఇది ఆవిరండీ. రాత్రి పొగ గొట్టంలో చేరిన చెమ్మ. బండి వేడెక్కితే అదే పోతుంది. మీరు వేడెక్కనిస్తేగా."

"మరి నీళ్లెందుకు పెరిగాయి?" గోడ చాటు నుంచి బావమరిది అడిగాడు.

"ఎవరైనా పోస్తున్నారా?"

మాస్టారు తల దించుకున్నాడు. "తగ్గితే కారు పోతుందన్నాడని పొద్దున్నే కాస్త పోశాను."

"మధ్యాహ్నం నేనూ ఓ గ్లాసు పోశాను బాబూ. నీ దిగులు చూడలేక," అంది భార్య పక్కన నిలబడ్డ మాస్టారి అత్తగారు.

అందరూ భార్య వైపు చూశారు. ఆమె నీళ్ల డబ్బా మూతని అనవసరంగా తుడిచింది.

"సాయంత్రం పూట కూడా ఎవరో ఒకరు చూడాలిగా," అంది.

మాస్టారికి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో ఆమె ఇంత ప్రేమగా మాట్లాడటం ఆయన వినలేదు. వ్యాపారిని గుమ్మంలోంచే పంపించేశారు. ఆమె వచ్చి ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుంది, అత్తగారు వెనక ఎక్కింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

బావమరిదిని కూడా రమ్మన్నారు గానీ, హెడ్ గ్యాస్కెట్ పోయిన కారు తాను ఎక్కనన్నాడు.