గొర్రెల గడియారం

మందు రోగిని కాపాడితే చాలదు, రోగి బారినుంచి మందును కూడా ఎవరో ఒకరు కాపాడాల. చెన్నపట్నంలో ఉండే మందుల కాపుదల సూపర్నెంటు దొరగారు సెలవిచ్చిన మాట ఇది. (ఆయనకు ఒంట్లో బాగాలేకపోతే నీలగిరి కొండలకు పోతాడు, మందు తాగడు.) మార్కాపురం తాలూకాలో కొండకింది ఆసుపత్రికి సంబంధించినంతవరకు, ఆ ఎవరో ఒకరు కాంపౌండరు కరుణాకరం.

ఈ సంగతి తెలియని మాలకొండమ్మ, కడిగిన సీసా కొంగున చుట్టుకుని పొద్దున్నే వచ్చింది. ఆసుపత్రిలో మందు ఇస్తారు గాని సీసా ఇవ్వరు, ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాల. ఆమె మొగుడు పోలయ్య గొర్రెల కాపరి. రోజు మార్చి రోజు చలిజ్వరం. రెండు గొంగళ్లు కప్పినా మంచం గడగడలాడుతోంది. డాక్టరు చీటీ మీద కొయినా మందు రాసి కాంపుకు పోయినాడు. రేపు మిట్టమధ్యాన్నం జ్వరం మళ్లీ వచ్చేలోగా ఆ మందు పోలయ్య కడుపులో పడాల. ఆమెకు కావలసింది అంతే.

కరుణాకరం చెడ్డవాడు కాదు. సీసా నిండా మందు పోసినాడు. మోతాదులకు గంట్లు పెట్టి కాగితం కత్తిరించి దానికి అంటించినాడు. ఆ తర్వాత, రోగి వేళకు తాగుతాడని తేలేదాకా మందు చేతికివ్వరాదనే పన్నెండో రూలు ప్రకారం సీసాను తన వెనక బల్లమీద పెట్టుకుని, పరీక్ష మొదలుపెట్టినాడు.

"ఎప్పుడెప్పుడు తాపుతావమ్మా?"

"పొద్దున, మధ్యాన్నం, సందకాడ."

"సందకాడ అంటే ఎన్ని గంటలకు?"

"గొర్రెలు దొడ్లోకి వచ్చే యాళకయ్యా."

"అవి రాకపోతే?"

"రాకపోతే ఇంక మందెందుకయ్యా, మా కొంప మునిగినట్టే గదా."

కరుణాకరం రూళ్ల పుస్తకం తిరగేసినాడు. రోగి ఏ యంత్రం చూసి మందు తాగుతాడో, ఆ యంత్రాన్ని కాంపౌండరు వరసగా మూడు రోజులు తనిఖీ చేయాలని ఉంది. గొర్రెలు యంత్రం కావని ఎక్కడా లేదు.

"తోలుకురా అమ్మా."

"ఆయన్నా?"

"ఆయన్నెందుకు, పాపం జ్వరంతో ఉంటే? గడియారాన్ని."

మాలకొండమ్మ మాత్రం ఏం చేస్తుంది, మందు కాంపౌండరు వెనక ఉంది. పోలయ్య తలకాడ చెంబుతో నీళ్లు పెట్టి, నలభై గొర్రెలనూ ఆసుపత్రికి తోలుకొచ్చింది. అయిదూ యాభైకి అవి ఆవరణలో అడుగుపెట్టినాయి. కరుణాకరం జేబుగడియారం చూసి రాసుకున్నాడు. (ఒక పొట్టేలు రూళ్ల పుస్తకం అట్ట తినింది. అదీ రాసుకున్నాడు.)

రెండోనాడు దారిలో ఒక గొర్రె ఈనింది. మంద వచ్చేసరికి ఆరూ ఇరవై అయిదు.

"నీ గడియారం ముప్పై అయిదు నిమిషాలు వెనకబడిందమ్మా. మళ్లీ మొదటినుంచి చూడాల."

"అయ్యా, నిన్న ఆయన నీళ్లడిగినాడు. ఇయ్యాల అడగటం లేదు. ఒక్క గుక్కన్నా పొయ్యి."

ఆమె ఏడుస్తుంటే కరుణాకరానికీ కళ్లు చెమ్మగిల్లినాయి. "నా కడుపూ తరుక్కుపోతోందమ్మా. కానీ వేళగాని వేళ తాగి ఆయనకేమన్నా అయితే ఎట్ల?" అన్నాడు.

మూడోనాడు, నాలుగోనాడు మంద నిమిషం తేడా లేకుండా వచ్చింది. ఇంకొక్క సందకాడ వస్తే చాలు. కరుణాకరం సంతోషంగా సీసా తుడిచి పెట్టుకుని, జేబుగడియారంతో గేటుకాడ నిలబడినాడు.

అయిదోనాడు గొర్రెలు రాలేదు.

పది రోజులకు మాలకొండమ్మ ఒక్కతే వచ్చింది.

"ఏదమ్మా గడియారం?"

"దినాలకు అమ్మేసినానయ్యా. నా సీసా నాకిచ్చెయ్యి."

కరుణాకరం చాలాసేపు బాధపడినాడు. గడియారం లేని ఇంటికి మందు పంపడం రూలుకు విరుద్ధం. మందు తిరిగి జాడీలో పోసి, కాగితం గీకి, సీసా శుభ్రంగా కడిగి ఆమె చేతికిచ్చినాడు. తర్వాత కూర్చుని చెన్నపట్నానికి నెల రిపోర్టు రాసినాడు.

"ఈ నెలలో ఒక్క చుక్క మందు కూడా వేళ తప్పి తాగబడలేదు."