మూడు దిండ్ల తుఫాను

ఆ రోజు పుష్పావతి పెట్టుకున్న పని ఒక్కటే. చంటివాడి దిండ్లు ఆరబెట్టాలి.

డిసెంబరు ముసురు పట్టి ఆరు రోజులైంది. వాయుగుండం బంగాళాఖాతంలో ఎక్కడో కూర్చుని కదలనంటోంది. ఏడు నెలల పిల్లవాడికి రొంప, దగ్గు. తడి పక్క మీద పడుకోబెట్టొద్దని నాగాయలంక డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఇల్లంతా తడే. వాడు దొర్లిపోకుండా అటొకటి, ఇటొకటి, కాళ్ల దగ్గరొకటి పెట్టే గుండ్రటి దిండ్లు మూడూ ఉచ్చ కంపు. తడి దిగదని పాత నల్ల గొడుగు గుడ్డతో గలీబులు కుట్టింది. దిగింది.

పొద్దున వాన తెరిపిచ్చింది, గాలి మాత్రం బలంగా ఉంది. దిండ్లు పట్టుకుని డాబా ఎక్కితే దండెం కట్టడానికి చోటు లేదు. ఆమె భర్త దైవాధీనం ఆ ఊరి పోస్టుమాస్టరు. ఉత్తరాలు తక్కువ, తీరిక ఎక్కువ. డాబా నిండా అతని వాతావరణ కేంద్రమే. ఒక మూల వాన కొలిచే గరాటా, ఇంకో మూల గాలికి తిరిగే నాలుగు స్టీలు గిన్నెలు. ఆ గిన్నెలు ఆమె పుట్టింటివాళ్లు పెట్టినవి.

"పైన గుడ్డలు ఆరెయ్యకు, గాలికి అడ్డం," అని సైకిలెక్కుతూ మరీ చెప్పాడు దైవాధీనం. "ఎనిమిదున్నరకి గరాటాలో నీళ్లెన్నున్నాయో చూసి రాసిపెట్టు. టపా సంచీ తెచ్చుకుని వచ్చేస్తా."

"పిల్లాడు ఎన్నిసార్లు దగ్గాడో కూడా రాయమంటారా?"

అతను వినిపించుకోకుండా వెళ్లిపోయాడు.

డాబా నడుమ ముప్పై అడుగుల ఇనుప గొట్టం, దాని చివర కప్పీ, తాడు. చేపల వేటకెళ్లేవాళ్లకి కనబడాలని దైవాధీనం దాని మీదకి నల్ల డబ్బాలెక్కిస్తాడు. ఒకటైతే వాన. రెండైతే పడవలు కదపకూడదు. మూడైతే పిల్లాపాపలతో తుఫాను షెల్టరుకి నడవాలి. అది ఉప్పెన చూసిన ఊరు. పైగా నిరుడు రేడియో కంటే ముందే రెండు డబ్బాలెక్కాయి, పడవలు దక్కాయి. మూడు మాత్రం ఇంతవరకూ ఎక్కలేదు.

కోపంగా ఉన్న మనిషికి డబ్బాలు గుర్తుండవు. గాలి తగిలే చోటు అదొక్కటే కదా అని, మూడు దిండ్లూ వరసగా తాడుకి కట్టి, చివరి దాకా లాగి, కిందికి వచ్చి పాలు కాచుకుంటోంది పుష్పావతి.

పక్కింటి రత్నకుమారి చంకలో కోడితో గుమ్మంలోకి వచ్చింది. "ఇంకా ఇంట్లోనే ఉన్నావేంటి పుష్పా? మూడెక్కినాయి కదా."

పుష్పావతికి అర్థమవడానికి కాసేపు పట్టింది. "అయ్యో, అవి దిండ్లు వదినా. మా వాడివి."

"నన్ను కంగారుపెట్టకూడదని అంటున్నావులే," అని రత్నకుమారి కోడిని గట్టిగా పట్టుకుని వెళ్లిపోయింది.

పుష్పావతి డాబా మీదకి పరిగెత్తి తాడు లాగింది. నానిన తాడు కప్పీలో బిగుసుకుపోయింది. కింద వీధి నిండా ట్రంకుపెట్టెలు, మేకలు, బియ్యం మూటలు. రెండు రోజులుగా కరెంటు లేదు, రేడియోలో ఏం చెప్పారని అడిగేవాళ్లూ లేరు. "దిండ్లండీ అవి, వెనక్కి వెళ్లండి," అని రెండు చేతులూ ఊపింది. గాలికి మాట పోయింది, చేతులే కనబడ్డాయి. జనం ఇంకా జోరుగా నడిచారు.

పడవల పెద్ద నాగబాబు మెట్లెక్కి వచ్చాడు. "దిగు చెల్లెమ్మా. పిల్లాణ్ణి తీసుకో."

"అన్నయ్యా, అవి ఉచ్చ దిండ్లు. ఏ తుఫానూ లేదు."

"ఉప్పెనప్పుడు మా మావయ్య కూడా ఏం లేదనే అన్నాడమ్మా," అని నాగబాబు ఆమెని ముందు పెట్టుకుని మెట్లు దిగాడు.

ఇంతలో దైవాధీనం వచ్చిపడ్డాడు. కాలవ గట్టు మీంచి గొట్టం చూసి, భార్య బ్యాటరీ రేడియోలో ఏదో వినే ఎక్కించిందనుకుని, సంచీ లేకుండానే సైకిలు తిప్పాడు. ఉయ్యాల్లోంచి పిల్లవాణ్ణి తీసి భుజానేసుకున్నాడు.

"ఏమండీ, దిండ్లు..."

"దిండ్లు పోతే కుట్టించుకోవచ్చు. ముందు నడు."

షెల్టరు దాకా అరమైలు. ఆ అరమైలూ పుష్పావతి అతని వెనకాలే పరిగెత్తుతూ, గిన్నెలూ గరాటా గొట్టంతో సహా కాలవలో కలిపేస్తానని చెబుతూనే ఉంది. ఆయాసంలో సగమే వినబడింది. ఆ సగమూ అతను భయం అనుకున్నాడు.

షెల్టరు మేడ మీద హాలు. కిటికీలు మూసి ఉన్నాయి, సిమెంటు నేల పొడిగా ఉంది, నూరు మంది ఊపిరితో వెచ్చగా ఉంది. రత్నకుమారి తన పొడి నేతచీర నాలుగు మడతలేసి పరిచింది. పిల్లవాడు దాని మీద పడుకున్నాడు. రెండుసార్లు దగ్గాడు. తర్వాత దగ్గలేదు. పుష్పావతి వాడి వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు చూసింది. నోరు తెరుచుకుని, పిడికిళ్లు వదిలేసి నిద్రపోతున్నాడు.

"ఇంతకీ రేడియోలో ఏం చెప్పారు?" అన్నాడు దైవాధీనం మెల్లగా.

ఆమె చెప్పింది. అతని మొహం పాలిపోయింది. "ఊరంతా వచ్చేసిందే. ఇప్పుడే చెప్పి పంపించేస్తాను," అని లేచాడు.

పుష్పావతి అతని చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. "కూర్చోండి."

"తప్పు కదే."

"పొద్దుట్నుంచీ నేను చెబుతుంటే ఒక్కరన్నా విన్నారా? మీరు విన్నారా? ఆరు రోజులకి నా బిడ్డ పొడి నేల మీద పడుకున్నాడు. ఇప్పుడు ఎవడన్నా లేచి తలుపు తీశాడా, మీ సంగతి చెప్తాను."

అవతలి గోడ దగ్గర్నుంచి నాగబాబు అడిగాడు. "దైవాధీనంగారూ, ఎంతసేపండీ ఇంకా?"

దైవాధీనం భార్యని చూశాడు. భార్య పిల్లవాణ్ణి చూస్తోంది.

"గాలి మళ్లాలండి," అన్నాడు.

ఆ తుఫాను సాయంత్రం నాలుగున్నరకి, చంటివాడు లేచి పాలకి ఏడ్చాక, తీరం దాటింది.