పై పెట్టె పరిశీలనలో ఉంది

మనిషి నొక్కగానే పనిచేసే బటన్ పరిపాలనకు పనికిరాదు. రాష్ట్ర ఏకరూప తెరల మండలి అనేక సమావేశాల తర్వాత తేల్చిన సత్యం ఇది. నొక్కడం వేరు, పని జరగడం వేరు అని ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతి పౌరుడికీ తెలుసు. ఆ జ్ఞానం కంప్యూటర్లకు మాత్రం ఇన్నాళ్లూ అందలేదు. ఆ లోటు తీర్చడానికి మండలి 'తోరణం' తయారుచేసింది.

తోరణం అంటే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఇచ్చే సామాను. పెళ్లివారు కుర్చీలూ బల్లలూ షామియానాలూ టెంట్‌హౌస్ నుంచి తెచ్చుకున్నట్టు, యాప్‌లు కట్టేవాళ్లు బటన్లూ పెట్టెలూ జాబితాలూ ఇందులోంచి తెచ్చుకుని తెర మీద పేర్చుకుంటారు. ఇలాంటి సామాను లోకంలో చాలా ఉంది. తోరణానికి ఒకటే తేడా. ఇందులో బటన్ నొక్కితే ఆ నొక్కుడు ముందు అది ఉన్న పెట్టెకు వెళుతుంది. ఆ పెట్టె తన పై పెట్టెకు పంపుతుంది. అది దాని పైదానికి. అన్నిటికన్నా పైనున్న పెట్టె ఒప్పుకుంటే పని జరుగుతుంది. (ఒప్పుకోకపోతే కారణం చెప్పదు. కారణం అడగడానికి వేరే బటన్ ఉంది. అదీ అదే దారిన వెళుతుంది.)

ప్రజలు వాడే ప్రతి యాప్‌నూ వానాకాలం వచ్చేలోగా తోరణంతో తిరిగి కట్టాలని ఉత్తర్వు వచ్చింది. దానికి ముందు, తోరణం వాడటానికి సులువో కాదో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల చేతే తేల్చాలి. పరీక్షకు కూర్చున్నవాళ్లలో సగం మంది గంటలో ఒక్క బటన్‌ను పనిచేయించలేకపోతే తోరణాన్ని వెనక్కి తీసుకుంటారు. ఉత్తరాంధ్ర పరీక్షకు రాజాంలో ఒక కాలేజీని ఎంచుకున్నారు. శ్రీకాకుళం వాళ్లకూ విజయనగరం వాళ్లకూ సమానంగా ఇబ్బంది కలిగే చోటు అదేనని ఫైలులో రాశారు.

గౌరి ఆ పరీక్షకు వచ్చింది గంటసేపు ఏమీ చేయకుండా కూర్చోవడానికి.

ఆమెది శ్రీకాకుళం తీరంలోని భావనపాడు. రాజాంలో బట్టల కొట్టు మీది గదిలో కూర్చుని యాప్‌లు రాస్తుంది. రైసు మిల్లులకు రాసింది, కాలేజీలకు రాసింది. సొంత ఊరికి రాసింది ఒకటే. దాని పేరు 'బేగి'. (బేగి అంటే త్వరగా. ఈ మాట లేని జిల్లాల్లో పనులు ఎలా జరుగుతాయో తెలియదు.) తెర మీద ఒక్క ఎర్ర బటన్ ఉంటుంది. గాలి తిరిగిందని ఒడ్డున అనుమానం వస్తే గౌరి తల్లి లక్ష్మణమ్మ దాన్ని నొక్కుతుంది. చేపలమ్మే ఆడవాళ్లలో ఆమె పెద్ద. దగ్గరి వేటకు వెళ్లిన పడవల్లో ఫోన్లన్నీ ఒక్కసారి మోగుతాయి. 'బేగి రండి' అని తెర మీద పడుతుంది. మామూలు ఫోను మోత ఇంజను చప్పుడులో వినబడదు. ఇది వినబడుతుంది. ఆ పడవల్లో ఒకటి గౌరి తండ్రి ఎల్లాజీది.

పరీక్షకు బయల్దేరే ముందు ఆమె తండ్రికి ఫోన్ చేసింది.

"నానా, ఇయ్యాల ఆ తోరణం పరీక్ష. అది పాసైపోతే మన బటన్ పోతాది."

"పోతే ఏటౌతాది?"

"అమ్మ నొక్కితే ముందు పై పెట్టెకి ఎల్తాది. అది ఒప్పుకుంటే నీకు మోగుతాది."

"అందాక ఆగమని గాలికి సెప్పినారేటి?"

"నవ్వకు నానా."

"నవ్వక ఏటి సేస్తాను. ఎల్లి కూకో. నువ్వేటీ సెయ్యకపోతే అదే పోతాది. సిన్నప్పట్నించీ నీకు సేతకానిది అదొక్కటే."

కాలేజీ కంప్యూటర్ గదిలో మండలి తరఫున నరసింగరావు ఉన్నాడు. ఆయన వాడుక సౌలభ్య పరిశీలనాధికారి. ముందు నియమాలు చదివాడు. మనసులో అనుకున్నది అనుకున్నట్టు పైకి చెప్పాలి. ఆయన రాసుకుంటాడు. ఒకరికొకరు సాయం చేసుకోకూడదు. (చేసుకున్నా, దాన్ని రాయడానికి ఆయన కాగితంలో గడి లేదు.)

గంట మొదలైంది. ఒక్కొక్కరే పైకి అనుకోవడం మొదలుపెట్టారు.

"ఏటిది, బటన్ పెడితే ఏ పెట్టె అంతాది. పెట్టె పెడితే దాని పై పెట్టె ఏదంతాది" అన్నాడు త్రినాథ్. అతను విజయనగరంలో ఆస్పత్రులకు బిల్లుల సాఫ్ట్‌వేర్ రాస్తాడు.

నరసింగరావు రాశాడు: 'నిర్మాణ క్రమాన్ని వెంటనే గ్రహించారు.'

"దీన్ని కట్టినోడి సేతులిరిగిపోనూ" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు.

నరసింగరావు రాశాడు: 'రూపకర్తల శ్రమను గుర్తుచేసుకున్నారు.'

గౌరి చేతులు కట్టుకుని కూర్చుంది. ఆయన ఆమె దగ్గరకు వచ్చాడు.

"మీరేమనుకుంటున్నారమ్మా?"

"ఏటీ అనుకోట్లేదండి."

'నిశ్చింతగా వాడారు' అని రాసుకుని ముందుకు వెళ్లాడు.

అరగంట గడిచింది. ఒక్క బటనూ పనిచేయలేదు. తెరలన్నిటి మీదా ఒకే మాట ఉంది: 'మీ నొక్కుడు పై పెట్టె పరిశీలనలో ఉంది.' గౌరి గడియారం చూసింది. ఇంకో అరగంట ఇలాగే కూర్చుంటే ఎర్ర బటన్ బతుకుతుంది.

పక్క కుర్చీలోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఆ పిల్ల పేరు అమ్మడు. బొబ్బిలి దగ్గర ఊరు. చదువు అయి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు.

"అక్కా, ఇది రాకపోతే నన్ను ఉంచరు. మా సార్ సెప్పి మరీ పంపినారు, పనిసేయించుకునే రమ్మని."

గౌరి గోడ వైపు చూసింది. గోడ మీద ఏమీ లేదు. ఒకరు చిక్కుకుపోతే చూస్తూ ఊరుకోవడం ఆ రెండు జిల్లాల్లో ఎవరూ నేర్పరు. బస్సులో ఒకరు దారి అడిగితే బస్సంతా చెబుతుంది, తెలియనివాళ్లతో సహా.

"ఒలే, జరుగు" అంది.

తాను చేస్తున్నది సాయం కాదని ఆమె తనకు తాను చెప్పుకుంది. ఏం చేసినా ఇది పనిచేయదని ఆ పిల్లకు చూపిస్తే ఏడుపు ఆపుతుంది, అంతే. బటన్ గుణాల జాబితా తెరిచింది. రంగు, పొడవు, వెడల్పు, పేరు ఉన్నాయి. వాటి కింద, ఆఫీసులో ఫైలు కదలనప్పుడు మనుషులు ఏం చేస్తారో అది టైపు చేసింది: 'సిఫారసు: ఉంది.' ఆ మాట తోరణం రూలు పుస్తకంలో లేదు. (ఏ రూలు పుస్తకంలోనూ ఉండదు.)

నొక్కింది. ఏ పెట్టెనూ అడగకుండా బటన్ పనిచేసింది.

"పనిసేసినాది అక్కా" అంది అమ్మడు. ఆ పిల్లది మెల్లగా మాట్లాడే గొంతు కాదు.

త్రినాథ్ కుర్చీతో సహా తిరిగాడు. "ఏటేటి, ఏటెట్టినారు?"

"ఏటీ లేదు" అంది గౌరి.

"సిఫారసు ఎట్టినాది" అంది అమ్మడు.

"ఓర్నీ. ముందే తట్టాల్సింది. మా మావకి పింఛను అలాగే కదేటి వొచ్చినాది."

ఆ మాట ముందు వరస నుంచి వెనక వరసకు పోయింది. కాసేపటికి గదిలో పనిచేయని బటన్ లేదు. నరసింగరావు అదంతా చూస్తూనే ఉన్నాడు. గంట ముగిశాక ఫలితం చదివాడు. అందరూ పాస్. తోరణం పాస్.

గౌరి ఆయన బల్ల దగ్గరకు వెళ్లింది.

"సార్, అది దొంగదారండి. సిఫారసు లేకుండా ఒక్కరిదీ పనిచెయ్యలేదు. అది రాయండి."

"దొంగదారి బయట ఎక్కడో ఉందా అమ్మా? తోరణంలోనే ఉంది కదా. ఉన్నదాన్ని వాడారు, పనయింది. సులువంటే ఇంకేముంటుంది?"

"పోనీ, ఆ సిఫారసైనా ఉంచుతారా?"

"మంచి సూచన" అని ఆయన రాసుకున్నాడు.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు కోసం నిలబడి ఆమె ఫోన్ చేసింది.

"పాసైపోయినాది నానా."

"ఎవులు సేసినారు పాసు?"

"మేమే."

"కూకోలేకపోయినావు" అన్నాడు ఎల్లాజీ. తిట్టలేదు.

మండలి రెండు నిర్ణయాలు తీసుకుంది. వాడుకరులు ఏకగ్రీవంగా సులువని తేల్చినందున తోరణం తప్పనిసరి. పరీక్షలో బయటపడిన సిఫారసు అనే లొసుగు మూసివేత. ఎర్ర రంగు పౌరులను కంగారుపెడుతుంది కాబట్టి బటన్లన్నీ లేత పసుపు. గౌరి 'బేగి'ని తిరిగి కట్టింది. దానికి మినహాయింపు ఇవ్వమని మండలి వెబ్‌సైట్‌లో అర్జీ పెట్టింది. పై పెట్టె పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. (మూడో నిర్ణయం, రంగుది, రెండింటిలో లెక్కకు రాదు. అది ఉపనిర్ణయం.)

వానాకాలంలో ఒక మధ్యాహ్నం భావనపాడులో గాలి తిరిగింది. లక్ష్మణమ్మ పసుపు బటన్ నొక్కింది. పరిశీలనలో ఉందంది తెర. మళ్లీ నొక్కింది. 'పాత నొక్కుడు పరిశీలనలో ఉండగా కొత్త నొక్కుడు స్వీకరించబడదు.' ఆమె ఫోన్‌ను చేపల బుట్టలో పడేసింది. ఆడవాళ్లందరినీ ఒడ్డున వరసగా నిలబెట్టి చీరలు ఊపించింది. దగ్గరి పడవలు చూశాయి, వచ్చాయి. ఎల్లాజీ దూరంగా ఉన్నాడు. అతను చూసేసరికి కెరటం లేచింది. ఒడ్డుకు కాస్త దూరంలో పడవ తిరగబడింది. అతను ఈది వచ్చాడు. పడవ రెండు ముక్కలుగా వచ్చింది.

మర్నాడు గౌరి ఊరు వెళ్లేసరికి అతను టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. భుజానికి కట్టు ఉంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి మొలకు కట్టుకున్న ఫోను మాత్రం దక్కింది. ఆమె పక్కన కూర్చుంది.

అప్పుడు ఆ ఫోన్ మోగింది. కొట్టులో ఉన్నవాళ్ల ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. తెరల మీద పడింది: 'బేగి రండి.'

"వొచ్చీసినాం" అన్నాడు ఎల్లాజీ ఫోనుతో. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "మోత బాగానే ఉన్నాదే గౌరీ. ఇంజను మీదా వినబడతాది."

ఆ వానాకాలం మీద నరసింగరావు ఇచ్చిన నివేదికలో భావనపాడుకు ఒక పేరా దక్కింది. సందేశం అందరికీ చేరింది. చేరే సమయానికి గ్రహీతలందరూ ఒడ్డునే ఉన్నందున ఆదేశ పాలన నూటికి నూరు శాతం. పడవకు ఫోన్ నంబరు లేదు కాబట్టి అది గ్రహీతల్లోకి రాదు.