శిలాఫలకాల అనంతర జీవితం

తన హయాంలో ఏ డాక్టరేటూ వృథా పోదని మంత్రిగారు మైకు పుచ్చుకుని ప్రకటించినప్పుడు సభలో మొదట చప్పట్లు కొట్టింది నేనే. డాక్టరేట్ చేసిన పిల్లకి తండ్రిని కదా, ఆ మాత్రం బాధ్యత ఉంటుంది.

మా అమ్మాయి ఏడేళ్లు పరిశోధన చేసింది. మంత్రులు శంకుస్థాపన చేసి వెళ్లాక ఆ శిలాఫలకాలు ఏమవుతాయన్నది విషయం. ఎండనక వాననక తిరిగి, టేపు పెట్టి కొలిచి, చుట్టుపక్కలవాళ్లని అడిగి, ఇటుకంత లావు పుస్తకం రాసింది. నేను దాన్ని ఎంతో శ్రద్ధగా చదివాను, కృతజ్ఞతల పేజీ వరకు. అందులో నా పేరుంది. నా పేరు పైన వాళ్లమ్మ పేరుంది. ఆవిడ బతికున్నప్పుడూ ఇంట్లో వరస అదే కాబట్టి నాకేం కష్టం కలగలేదు. అంతకు మించి చదవాల్సిన అవసరమూ కనిపించలేదు.

ఈ పుస్తకం సంగతి ఎలా తెలిసిందో, మంత్రిగారి పి.ఏ. ఫోన్ చేశాడు.

"మా సారు వేసిన రాళ్ల మీద మీ అమ్మాయి పుస్తకం రాసిందటగా! సారు మురిసిపోతున్నారు. ఇద్దరూ రండి."

వెళ్లాం. మంత్రిగారు పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకుని తూచారు.

"బరువుంది."

"చాలా బరువుంది సార్," అన్నాడు పి.ఏ.

"ఏం తేలింది తల్లీ?"

"మీరు వేసిన రాళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయండీ. వాటి పక్కన ఏదీ అడ్డం రాలేదు," అంది మా అమ్మాయి.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "విన్నావయ్యా? మరి అవతలి పార్టీవాళ్ల రాళ్లో?"

"అవీ అంతేనండీ."

"ఆ ముక్క తీసెయ్యమ్మా," అని, అక్కడికక్కడే శిలాఫలకాల పరిశోధనా కేంద్రం మంజూరు చేశారు. డైరెక్టరు మా అమ్మాయే. సోమవారం శంకుస్థాపన. నాకు కుర్చీ కూడా వేయించారు. ఆఫీసుల్లో కుర్చీ దొరకడం ఎంత భాగ్యమో తిరిగినవాడికే తెలుస్తుంది.

ఇంటికి రాగానే పేచీ మొదలైంది.

"సోమవారం నేను కాలేజీలో చేరాలి నాన్నా. చేరకపోతే ఆ లెక్చరర్ ఉద్యోగం ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు."

"డైరెక్టరు పదవి కాళ్ల దగ్గరికొస్తే లెక్చరర్ ఏంటే? కాలేజీ ఎక్కడికి పోతుంది?"

"కేంద్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"అంత పెద్దమనిషి నీ పుస్తకాన్ని మెచ్చుకుంటే..."

"నువ్వు చదివావా?"

"చదవకేం!"

"ఆఖరి అధ్యాయం?"

నేను కాఫీ కలపడానికి లేచాను.

సోమవారం అమ్మాయి భుజాన సంచితో సభకి వచ్చింది. నా మాట నెగ్గిందని పొంగిపోయాను. మంత్రిగారు తెర లాగారు. నల్లరాయి తళతళలాడింది. మంత్రిగారి పేరు బెత్తెడేసి ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంది. అధికారుల పేర్లు వాటికి తగ్గట్టు ఉన్నాయి. ఏం కట్టబోతున్నారన్నది, మిగిలిన చోటులో సర్దుకుంది. చప్పట్లు సద్దుమణిగాక మా అమ్మాయి సంచిలోంచి టేపు తీసి రాయినీ, దాని కింది దిమ్మెనీ కొలిచింది.

"కొలతలెందుకు మేడం?" అన్నాడు పి.ఏ.

"అలవాటండీ," అంది. నా చొక్కా కాలరు సరిచేసి, "ఎండలో నిలబడకు నాన్నా," అని బస్సెక్కి కాలేజీకి వెళ్లిపోయింది.

"డైరెక్టరేరీ?" అన్నారు మంత్రిగారు.

"పరిశోధనకి వెళ్లిందండీ," అన్నాను.

"చూశారా! అప్పుడే పని మొదలైపోయింది!" అని ఆయన మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వానాకాలం వెళ్లింది. సాయంత్రం నడక ఇప్పుడు ఆ రాయి వైపే. మోకాళ్లు మొరాయించే చోట, దేవుడి దయ, ఆ దిమ్మె వస్తుంది. నిన్న దాని మీద కూర్చుని, రాయికి చేరగిలపడి, పుస్తకం ఆఖరి అధ్యాయం తెరిచాను.

"శిలాఫలకాల వల్ల ప్రజలకు ప్రయోజనం లేదనడం సరికాదు. ఎక్కువ చోట్ల, కొన్ని నెలలు గడిచాక, అవి నడకకు వచ్చిన వృద్ధులకు ఆసనాలుగా ఉపయోగపడుతున్నాయి. దిమ్మె ఎత్తు మోకాళ్ల నొప్పులున్నవారికి అనువైనది."

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. ఎత్తు నిజంగానే సరిపోయింది. మంత్రిగారి పేరు మాత్రం వీపుకి కాస్త గుచ్చుకుంటోంది.

చేతికర్రతో ఇంకో పెద్దాయన ఆయాసపడుతూ వచ్చాడు.

"మీ అమ్మాయి డాక్టరేట్ చేసిందటగా. దానివల్ల ఏం ఒరిగిందండీ?"

నేను కొంచెం జరిగి ఆయనకి చోటిచ్చాను.