సున్నా సెకన్ల మొనగాడు

గడియారాలు మొద్దుగా ఉంటేనే లోకం చల్లగా ఉంటుందని నా గట్టి నమ్మకం. నవ్వకండి!

"ఐదు నిమిషాల్లో వస్తాండా" అని ఫోన్లో చెబితే, మా ఆవిడ సలోమి ముప్పావుగంట దాకా అది ఐదు నిమిషాలే అని ఒప్పుకుంటుంది. ఆమె సెకన్లు లెక్కపెట్టే మనిషైతే మా కాపురం ఏమయ్యేది?

నేను నంద్యాలలో ఒక కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్ని. వానల లెక్కలు కట్టే ప్రోగ్రాం ఒకటి మా ల్యాబ్‌లో ఉండేది. ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో మా గురువు రంగయ్య సార్ రాసింది. ఆయన రిటైరై ఆళ్లగడ్డలో ఉంటున్నారు. వేసవి సెలవులన్నీ కూర్చొని దాన్ని నేను తిరగరాశాను. రెంటిలో ఏది వేగమైతే అదే ల్యాబ్‌లో ఉంటుందన్నారు ప్రిన్సిపాల్.

సిస్టమ్ క్లాక్ అనే కంప్యూటర్ లోపలి గడియారంతో కొలిచాను. సార్‌ది పదహారు మిల్లీసెకన్లు. నాది? సున్నా! మొదటి రెండుసార్లు నాదీ పదహారే వచ్చిందనుకోండి. మూడోసారి సున్నా రాగానే ఫోటో తీసేసుకున్నాను. మొదలుపెట్టకముందే ముగిసిపోయే ప్రోగ్రాం ఇంతవరకు ఎవరు రాశారండీ? నాకు శాలువా కప్పారు. సార్ ప్రోగ్రాం తీసేశారు.

అంతా బాగుందనుకునేసరికి, కొత్తగా చేరిన జ్యోత్స్న మేడం నా కోడ్ తెరిచింది.

"ఈ గడియారం సెకనుకు అరవై నాలుగుసార్లే కన్ను తెరుస్తాంది సార్. నడుమ ఏం జరిగినా దానికి తెలీదు" అంది. సమయం అంకె పట్టేందుకు నేను నాలుగు బైట్ల చిన్న ఇంటీజర్ పెట్టినచోట, ఇంకా సన్నగా కొలిచేలా ఎనిమిది బైట్ల పెద్దది పెట్టింది. అంతే! అంతవరకు కునుకు తీసిన గడియారం ఒళ్లు విరుచుకుని లేచింది. సార్‌ది తొమ్మిది, నాది పద్నాలుగు. వెయ్యిసార్లు నడిపినా అంతే.

ఇదేం న్యాయం? ఇంత సన్నగా కొలిచే గడియారాలను వెంటనే నిషేధించాలి!

నిన్న రంగయ్య సార్ ఆళ్లగడ్డ బస్సు దిగారు. చేతిలో నోట్‌బుక్కు, పెన్ను.

"నా దాంట్లో యాడ ఆలస్యమైతాందో రోంత చూపిచ్చప్పా. నేర్చుకుంటా" అన్నారు.

"మీదే వేగం సార్" అనడానికి ఎంతసేపు పడుతుంది? రెండు సెకన్లు. నేను టీ తెప్పించాను. ఎండల గురించి మాట్లాడాను. ఆయన మోకాళ్ల నొప్పులు అడిగాను. మళ్లీ బస్సెక్కించి చెయ్యి ఊపాను. మొత్తం రెండు గంటల పది నిమిషాలు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇది కొలవడానికి మాత్రం నా పాత చేతివాచీ చాలింది.

సార్‌కు రోజూ, నేనిది రాస్తున్న ఈ పేపరు చదివే అలవాటుంది.

సార్, మీదే వేగం.